వస్తాదుకు కూలి ఎవరిచ్చారు?

గోదా కథ – ఆరో భాగం

గత భాగాన్ని విజయనగర రాజుల కొలువులోని వృత్తి మల్లులైన జెట్టీల దగ్గర ఆపాం. 1520 ప్రాంతంలో హంపీ వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, మహర్నవమి వేడుకల్లో తాను చూసిన కుస్తీ తమ దేశపు కుస్తీలాంటిది కాదని రాసిపెట్టాడు. పళ్లు ఊడేలా, కళ్లు పోయేలా, ముఖాలు చితికేలా గుద్దుకునేవారట. ఆ తర్వాత పదిహేనేళ్లకు వచ్చిన మరో పోర్చుగీసువాడు నూనిజ్ ఇంకో మాట చేర్చాడు. రాజుగారి కొలువులో వెయ్యిమంది మల్లులున్నారనీ, మొనలు తేలిన కడియాల వంటివి గుప్పిట పట్టి ఒకరినొకరు గాయపరుచుకుంటారనీ. గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గం కృష్ణదేవరాయల వశమై, మన నెల్లూరు సీమ ఆయన ఏలుబడిలోకి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. అంటే దెబ్బలాటనే జీవనోపాధి చేసుకున్న మనుషులు 500 ఏళ్ల కిందటే ఈ రాజ్యంలో ఉన్నారు. వాళ్ల పోషణ భారం రాజుది. రాజుకు కావలసినప్పుడు దిగేవారు, రాజు చాలన్నప్పుడు ఆగేవారు. రాజ్యం పోయాక వాళ్ల విద్య ఊళ్లలోని తాలింఖానాల్లోకి చేరింది. దండీలు, బస్కీలు, కర్రసాము, సంగిడి రాళ్లు ఎత్తడం, పండగ రోజు నలుగురి ముందు బలప్రదర్శన. విద్య బతికింది కానీ దాని మీద మనిషి బతకడం కష్టమైపోయింది.

ఈ భాగంలో నేను నిలబెట్టదలుచుకున్న వాదన ఒక్కటే. యోధుడి బతుకు ఎంత దూరం వెళ్తుంది, ఎలా ముగుస్తుంది అన్నది అతని కండబలం కన్నా, ఆ బలానికి డబ్బు చెల్లించేది ఎవరు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడింది. బలం లేకపోతే అసలు కథే లేదు, నిజమే. కానీ దాదాపు సమానమైన బలం ఉన్న ఇద్దరిలో ఒకరి పేరు దేశమంతా మోగి, మరొకరు ఊరి తాలింఖానా గడప దాటకుండానే ముసలివారై పోవడానికి కారణం కండల్లో వెతికితే దొరకదు. ఈ మాటకు నా ప్రధాన సాక్షి కోడి రామ్మూర్తి నాయుడు. రెండో సాక్షి చాలా దూరం నుంచి వస్తాడు. జపాన్ దేశపు తొలి కిక్ బాక్సింగ్ తార తదాషి సవామురా. ఇద్దరి మధ్యా అరవై ఏళ్ల ఎడం ఉంది. ఒకరు మరొకరి పేరు వినే అవకాశమే లేదు. అయినా ఒకరి బతుకు పక్కన మరొకరి బతుకు పెట్టి చదివితే, ఒక్కొక్కటి విడిగా చదివినప్పుడు కనపడని సంగతులు కనపడతాయి.

రామ్మూర్తి 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టారు. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోవడంతో తండ్రి వెంకన్న ఆయన్ని ఉత్తరాంధ్రలోని విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న బంధువు ఇంటికి పంపారు. చదువు మీద కన్నా వ్యాయామం మీదే మనసు పడిన కుర్రవాడికి విజయనగరం సరైన చోటు. సంస్థానపు ఊరు కాబట్టి కుస్తీకీ సాముకూ అక్కడ ఆదరణ ఉంది. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. ఈ చిన్న వివరాన్ని జీవితకథలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా వాదనకు మాత్రం ఇది కీలకం. అప్పటికే ఆయన శరీరం ఆయనకుంది, ప్రాణాయామ సాధన ఉంది, ఊరివాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూసే బలముంది. అయినా ఆ బలానికి ఆనాటి ఆంధ్రదేశంలో దొరికిన నికరమైన కూలి బడిపంతులు జీతమే. ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే, మంచి డ్రిల్లు మాస్టరుగా ఒక తరం విద్యార్థుల జ్ఞాపకంలో మిగిలేవారేమో. చరిత్రలోకి వచ్చేవారు కాదు.

మార్పు తెచ్చింది సర్కసు. మిత్రుడు పొట్టి పంతులు తోడుగా రామ్మూర్తి విజయనగరంలో సొంత సర్కసు కంపెనీ పెట్టారు. ఆ రోజుల్లో అదేమీ వింత ఆలోచన కాదు. మహారాష్ట్రలో విష్ణుపంత్ ఛత్రే 1880లోనే గ్రేట్ ఇండియన్ సర్కస్ నడిపాడు. మలబారులోని తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ సర్కసు విద్య నేర్పి, దేశంలోని డేరాలకు ఆటగాళ్లను తయారుచేస్తున్నాడు. కొత్తదనమల్లా డబ్బు వచ్చే దారిలో ఉంది. అంతవరకూ మల్లుడికి డబ్బు పైనుంచి వచ్చేది, ఒక రాజో జమీందారో సంతోషించి ఇస్తే. సర్కసులో అది కింది నుంచి వస్తుంది, అణాల చొప్పున, వేలమంది చేతుల నుంచి. ఒక్క మనిషి అలిగితే వస్తాదు బతుకు ఆగిపోయే స్థితి పోయింది. దానికి బదులు ఒక కొత్త షరతు వచ్చింది. ఒకే ఊళ్లో ఒకే ఆటను జనం ఎన్నిసార్లు చూస్తారు? డేరా కదులుతూ ఉండాలి. ఊరు మారాలి, జిల్లా మారాలి, భాష మారాలి.

డేరా కదలాలంటే రైలు కావాలి. ఈ విషయంలో రామ్మూర్తి సరైన సమయానికి పుట్టారు. విశాఖ మీదుగా కటకం వైపు వెళ్లే తూర్పుతీరపు రైలు మార్గం 1890ల్లో వేశారు. బెజవాడను మద్రాసుతో కలిపే మార్గం ఆ శతాబ్దం చివర పూర్తయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన 1900లో తెరుచుకుంది. విజయనగరం నుంచి మద్రాసు దాకా ఒకే ఇనుప దారి ఏర్పడింది. మన నెల్లూరు సీమలోని వెంకటాచలం మీదుగా గూడూరు వైపు సాగే పట్టాలు ఆ దారిలోవే. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఏనుగునూ, డేరా గుంజలనూ, నలభై యాభైమంది ఆటగాళ్లనూ తీసుకుని విజయనగరం నుంచి మద్రాసుకు రావాలంటే ఎడ్లబండ్ల మీదో, పడవల మీదో, ఓడ మీదో రావాలి. ఖర్చు టికెట్ల రాబడిని మించిపోయేది. కాబట్టి విజయనగరంలో మరో ఇద్దరు ముగ్గురు రామ్మూర్తులు అంతకు ముందు తరంలో ఉండి ఉంటే, వాళ్ల పేర్లు మనదాకా రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లలో లోపమేమీ ఉండనక్కర్లేదు. పట్టాలు లేవు, అంతే.

రైలు ఎక్కించినంత మాత్రాన జనం టికెట్టు కొనరు. కొనడానికి కారణం ఉండాలి. ఆ కారణం 1905 బెంగాల్ విభజన తర్వాత పుట్టింది. 1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నేత బిపిన్ చంద్రపాల్ విజయనగరం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరులలో ఉపన్యాసాలిస్తూ మద్రాసు చేరాడు. వందేమాతరం అన్నందుకు రాజమండ్రిలో కళాశాల విద్యార్థులు శిక్షలకు గురయ్యారు. భారతీయుడు బక్కపలచనివాడు, పిరికివాడు, కనుక పాలించబడటానికే పుట్టాడు అన్న దొరల మాట అప్పటికి చదువుకున్నవాళ్ల మనసుల్లో ముల్లులా దిగి ఉంది. జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న బలశాలి యూజెన్ శాండో 1904–05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చి వెళ్లాడు. తెల్లవాడి కండలు చూసి వచ్చిన జనం, మనవాడొకడు ఛాతీ మీద గొలుసు తెంపుతున్నాడంటే, ఏనుగును ఎక్కించుకుంటున్నాడంటే చూడటానికి ఎగబడరా? ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులిస్’ అన్న బిరుదులు ఆ వేడిలోంచి వచ్చాయి. పాల్ ఉపన్యాసం విన్న ఊళ్లూ, రామ్మూర్తి డేరాకు పనికొచ్చే ఊళ్లూ చాలావరకు ఒకే రైలు దారి మీదివి. ఆయన ప్రజాదరణను స్వదేశీ ఉద్యమం నుంచి వేరుచేసి చూడలేం.

ఇక్కడ కొందరు నొచ్చుకుంటారు. దేశభక్తుడైన మహాబలిని టికెట్ల వ్యాపారిగా చూపిస్తున్నావేమని అడుగుతారు. నా ఉద్దేశం అది కాదు. టికెట్టు కొన్న అణా ఆనాడు రాజకీయమైన అణా. ప్రభుత్వం సభలను ఆపగలదు, పత్రికలను మూయగలదు. సర్కసు డేరాలో ఒక భారతీయుడి బలానికి వెయ్యిమంది చప్పట్లు కొడితే దాన్ని ఏ చట్టం కింద ఆపుతుంది? దేశాభిమానమూ జీవనోపాధీ ఆయన విషయంలో ఒకదాన్నొకటి మోశాయి. వ్యాపారం అనగానే తక్కువ చేసినట్టు భావించడం, కళాకారుడు పస్తుంటేనే పవిత్రుడని నమ్మే పాత అలవాటులోంచి వస్తుంది. ఆ అలవాటు వల్ల నష్టపోయింది కళాకారులే.

అంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఛాతీ మీద ఏనుగు, తాళ్లతో ఆపిన కార్లు, ఇవన్నీ కనికట్టు కాదా? ఇందులో బలం ఎంత, కిటుకు ఎంత? నిజాయితీగా లెక్క చూద్దాం. ఇలాంటి ఏనుగు ప్రదర్శనల్లో ఒంటి మీద బలమైన బల్ల పరుస్తారు. అది బరువును ఒక్క చోట పడనీయక ఛాతీ, పొట్ట, తొడల మీదికి పంచుతుంది. బల్ల కొస నేలకు ఆనితే కొంత భారం నేలే మోస్తుంది. ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు లోపలి గాలి వత్తిడి వల్ల పక్కటెముకల గూడు గట్టిపడుతుంది. ప్రాణాయామం అక్కరకు వచ్చేది ఇక్కడే. కార్ల సంగతీ అంతే. ఆనాటి ఇంజన్లు నేటి చిన్నకారు ఇంజను కన్నా బలహీనమైనవి. మట్టినేల మీద చక్రానికి దొరికే పట్టును మించి ఏ ఇంజనూ లాగలేదు, చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది. కదలకముందే తాడు బిగించి పట్టుకుంటే, పరుగెత్తుతున్న కారును ఆపడం కన్నా అది చాలా తేలిక. ఇదంతా ఒప్పుకున్నాక మిగిలేది ఏమిటి? వందల కిలోల బరువు కింద ఊపిరి సడలకుండా ఉండే మనిషి. రెండు చేతులూ భుజాల దగ్గర ఊడొచ్చేంత లాగుడును తట్టుకునే కీళ్లు. బల్ల ఎక్కడ వేయాలో, ఊపిరి ఎప్పుడు బిగించాలో, తాడు ఎంత పొడవుండాలో తెలిసి ఉండటం మోసం కాదు. అదే వృత్తి నైపుణ్యం. ఆ లెక్క తెలియని బలవంతుడు మొదటి ఆటలోనే ఎముకలు విరగ్గొట్టుకుంటాడు. తెలిసినవాడు ఏళ్ల తరబడి, ఊరూరా, రోజూ చేయగలుగుతాడు.

రామ్మూర్తి గురించి జనం చెప్పుకునే కథల్లో మరో సంగతి గమనించాలి. వైస్రాయ్ లార్డ్ మింటో స్వయంగా నడిపిన కారును ఆపారని ఒక కథ. ఇంగ్లండు రాజదంపతులు చూసి ముచ్చటపడ్డారని ఒకటి. స్పెయిన్ దేశంలో ఎద్దును కొమ్ములు పట్టి పడేశారని మరొకటి. వీటిలో నిజమెంతో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నాకు ఆసక్తి కలిగించేది, కథ ఎవరిని ప్రేక్షకుడిగా కూర్చోబెడుతోంది అన్నది. రాజు, రాణి, వైస్రాయ్! ఆయన సంపాదనలో చాలా భాగం ఇచ్చింది గుమాస్తాలు, రైతులు, విద్యార్థులు, బజారు వర్తకులు. కథల్లో మాత్రం వాళ్లెవరూ కనపడరు. వస్తాదు గొప్పతనాన్ని రాజే ఆమోదించాలన్న జెట్టీల కాలపు ఊహ మన మనసుల్లోంచి ఇంకా పోలేదన్నమాట. డబ్బిచ్చే చేయి మారినా, మెచ్చుకునే చేయి మారినట్టు మనం ఒప్పుకోలేదు.

అదే కాలంలో పాత పద్ధతిలోనే నడిచిన మహామల్లుడు గామా పహిల్వాన్‌ను పక్కన పెట్టి చూస్తే తేడా తేటతెల్లమవుతుంది. గామా బలంలో, విద్యలో రామ్మూర్తికి తీసిపోయేవాడు కాదు. ముఖాముఖి కుస్తీలో ప్రపంచంలోనే అతనికి సాటి లేరన్నవాళ్లున్నారు. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో పోలండ్ మల్లుడు జ్బిష్కోతో దాదాపు మూడు గంటలు తలపడ్డాడు. జ్బిష్కో నేలకు కరుచుకుని పడుకోవడంతో ఫలితం తేలలేదు. వారం తర్వాత మళ్లీ తలపడాల్సిన రోజున జ్బిష్కో రానేలేదు. 1928లో పటియాలాలో అతన్ని గామా నిమిషంలోపే పడగొట్టాడు. అంత గొప్పవాడి పోషణ అంతా పటియాలా వంటి సంస్థానాల మీద ఆధారపడింది. 1947లో దేశం రెండైంది, ఆపై సంస్థానాలు పోయాయి, గామా లాహోరులో ఉండిపోయాడు. 1960లో చనిపోయేనాటికి ఆరోగ్యమూ డబ్బూ రెండూ లేవు. జీవితమంతా దాదాపు ఓటమి ఎరగని మనిషిని చివరికి పడగొట్టింది, పోషకుడు లేకపోవడం.

ఇక జపాన్. అక్కడ యుద్ధం తర్వాత దెబ్బలాటకు డబ్బిచ్చింది రాజూ కాదు, డేరా కూడా కాదు. 1953లో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1954లో రికిదోజాన్ అనే మల్లుడు అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులతో తలపడుతుంటే, ఇళ్లలో టీవీలు లేని జనం వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలల్లో గుమిగూడారు. ఓడిపోయిన దేశం తెల్లవాళ్లను తన్నే మనిషిని కళ్లారా చూడాలనుకుంది. మన స్వదేశీ కాలపు డేరాల్లోని ఆకలి అదే. 1963 చివర రికిదోజాన్ కత్తిపోటుకు గురై చనిపోయాడు. టీవీ సంస్థలకు కొత్త వీరుడు కావాల్సి వచ్చింది. ఆ సమయంలో ఒసాము నొగుచి అనే బాక్సింగ్ ప్రమోటర్, థాయ్‌లాండ్ వాళ్ల ముయే థాయ్‌కీ తమ కరాటేకీ ముడిపెట్టి ఒక కొత్త ఆటను తయారుచేసి, దానికి కిక్ బాక్సింగ్ అని పేరు పెట్టాడు. అందులో తన వీరుడిగా హిదెకి షిరాహా అనే కరాటే యువకుణ్ణి ఎంచుకుని, తదాషి సవామురా అన్న రింగు పేరుతో 1966 ఏప్రిల్‌లో ఒసాకాలో దింపాడు. 1968 నుంచి టీబీఎస్ ఛానల్ ఈ పోటీలను క్రమం తప్పకుండా ప్రసారం చేసింది. గాల్లోకి ఎగిరి మోకాలితో కొట్టే సవామురా దెబ్బ పిల్లల ఆటల్లోకి వెళ్లింది. అతని మీద కామిక్ కథ వచ్చింది, దాని ఆధారంగా 1970లో యానిమేషన్ ధారావాహిక వచ్చింది. 1973లో బేస్‌బాల్ దిగ్గజం సదహారు ఓ అసాధారణమైన ఏడాది గడిపినా, ఆ సంవత్సరపు జపాన్ ప్రొఫెషనల్ క్రీడల ప్రధాన పురస్కారం సవామురాకే దక్కింది.

సవామురా రికార్డు చూస్తే అనుమానం రాక మానదు. 241 పోటీల్లో 232 గెలుపులు, వాటిలో 228 నాకౌట్లు. నిజమైన దెబ్బలాటలో ఇది సాధ్యమా? ప్రత్యర్థులను చూసుకుని ఎంపిక చేశారనీ, కొన్ని ఫలితాలు ముందే కుదిరాయనీ విమర్శలు చాలా వచ్చాయి. వాటిని పూర్తిగా కొట్టిపారేయలేను. ప్రతి వారం వీరుడు గెలవాలన్న ఒత్తిడి టీవీ సంస్థకు ఉంటుంది, ఆ ఒత్తిడి రింగులోకి దిగకుండా ఉండదు. అయితే అదే రికార్డులో ఇంకో పుట ఉంది. 1966 జూన్‌లో, అంటే రంగంలోకి దిగిన కొద్ది వారాలకే, సమన్ సోర్ అదిసోర్న్ అనే థాయ్ యోధుడి చేతిలో సవామురా 16 సార్లు నేలకూలి ఓడిపోయాడు. పదహారుసార్లు పడి పదిహేనుసార్లు లేచాడు. అది ఎవరో రాసిచ్చిన నాటకం కాదు. ఆ దెబ్బల తర్వాత అతను ముయే థాయ్ కాలిదెబ్బలను నేర్చుకోవడానికి పూనుకున్నాడు. పదేళ్లలో 240కి పైగా పోటీలంటే సగటున నెలకు రెండు. ఫలితం ముందే తెలిసినా తెలియకపోయినా పిక్కల మీద, పక్కటెముకల మీద పడే దెబ్బ దెబ్బే. రామ్మూర్తి బల్ల విషయంలో చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది. ప్రదర్శన ఉందన్న కారణంతో శ్రమను కాదనలేం.

1970ల మధ్యలో సవామురా రింగు విడిచి జనం కళ్లలోంచి పూర్తిగా తప్పుకున్నాడు. 2021లో మరణించాడు. అతను తప్పుకున్నాక టీవీ ఆసక్తి తగ్గింది. సరిగ్గా అప్పుడే నా వాదనకు అన్నిటికన్నా బలమైన రుజువు దొరుకుతుంది. 1978 మార్చిలో తొషియో ఫుజివారా అనే జపాన్ యోధుడు బ్యాంకాక్ రాజదమ్నోన్ స్టేడియం టైటిల్ గెలిచాడు. థాయ్‌లాండ్ వాడు కాని మనిషి ఆ దేశపు అసలైన ముయే థాయ్ కిరీటాన్ని గెలవడం అదే మొదలు. కెంజి కురోసాకి అనే కఠినమైన గురువు దగ్గర తయారైన ఫుజివారా నైపుణ్యంలో సవామురా కన్నా మెరుగని ఆ విద్య తెలిసినవాళ్లు చాలామంది అంటారు. నేనూ అదే నమ్ముతాను. అయినా పిల్లలు వీధుల్లో అనుకరించింది సవామురానే. ఫుజివారా శిఖరం ఎక్కే వేళకు కెమెరాలు దిగిపోతున్నాయి. 1993లో కె-1 అనే కిక్ బాక్సింగ్ పోటీలు మొదలై, ఫుజి టీవీ వాటిని నెత్తికెత్తుకున్నాక మళ్లీ ఈ వృత్తికి వెలుగొచ్చింది, మసాతో వంటి తారలు పుట్టారు. 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో కిక్ బాక్సర్లు తెన్షిన్ నసుకావా, తకెరు తలపడే ముందు ఫుజి టీవీ ప్రసారం నుంచి తప్పుకుంది. పోటీ ఆగలేదు. స్టేడియంలో 56 వేలమందికి పైగా కూర్చున్నారు, ఇంటర్నెట్‌లో 5 లక్షలమందికి పైగా డబ్బు కట్టి చూశారు. తెన్షిన్ గెలిచాడు. ఒక రకంగా రామ్మూర్తి డేరా పద్ధతి మళ్లీ వచ్చింది, చూసేవాడే నేరుగా చెల్లిస్తున్నాడు.

జపాన్‌కు సమురాయ్‌లు ఉన్నారు, కరాటే ఉంది, జూడో ఉంది, ఆ సంప్రదాయం వల్లే అక్కడ ప్రొఫెషనల్ యోధులు పుట్టారు, తెలుగువాళ్లది శాంతమైన సంస్కృతి అని కొందరు అంటారు. ఈ వాదన వినసొంపుగా ఉంటుంది కానీ నిలవదు. మహర్నవమి వేడుకల్లో పళ్లు రాలగొట్టుకున్న జెట్టీల సంగతి పైనే చూశాం. హైదరాబాద్ పాతబస్తీ తాలీములూ, కోస్తా ఊళ్ల తాలింఖానాలూ అన్నీ సంప్రదాయమే. సంప్రదాయం చాలదనడానికి కబడ్డీ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఊరి మట్టిలో తరతరాలుగా ఆడిన ఆట అది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ టీవీకి ఎక్కింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్ కోసం 2.6 కోట్ల రూపాయలకు పైగా పెట్టింది. ఆ పదేళ్లలో ఆట ప్రాణం మారలేదు. కూతా అదే, పట్టూ అదే. చెల్లించేవాడు మారాడు, ఆటగాడి బతుకు మారింది.

రామ్మూర్తి చివరి ఏళ్లను కూడా ఈ వెలుగులోనే చూడాలి. వయసు పైబడ్డాక కాలికి దెబ్బ తగిలి, చివరకు కాలు తీసేయవలసి వచ్చింది. శరీరమే పెట్టుబడి అయినవాడికి ఇది దుకాణం కాలిపోవడం లాంటిది. బయట లోకమూ మారింది. 1930లు వచ్చేసరికి స్వాతంత్ర్యోద్యమానికి గాంధీ, సత్యాగ్రహం, ఉప్పు ఉన్నాయి, బలప్రదర్శన ఆ స్థానంలో లేదు. 1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చి, వినోదానికి జనం తీసే అణాలకు కొత్త హక్కుదారు పుట్టుకొచ్చాడు. దేహం, ఉద్యమం, బజారు, మూడూ ఒకేసారి చేజారాయి. ఒడిశాలోని బలంగీరులో అక్కడి సంస్థానాధీశుడి ఆదరణలో ఉండి, 1942 సంక్రాంతి రోజుల్లో ఆయన కన్నుమూశారు. వేలమంది అణాలతో బతికిన తెలుగు వస్తాదు చివరికి మళ్లీ ఒక రాజు నీడకే చేరవలసి వచ్చింది. నన్ను బాగా కలచివేసేది ఇదే. టికెట్టు ఆయన్ని రాజుల నుంచి విడిపించింది, కానీ ముసలితనానికి ఏమీ దాచిపెట్టలేదు. చూసేవాడు ఈ రోజు ఆటకే చెల్లిస్తాడు, నిన్నటి ఆటకు చెల్లించడు. విశాఖ సముద్రతీరంలో నిలబెట్టిన విగ్రహమూ, శ్రీకాకుళంలో ఆయన పేరు పెట్టిన స్టేడియమూ చాలా ఆలస్యంగా వచ్చాయి.

మన కాలపు ఉదాహరణ నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ స్వర్ణాలు గెలిచింది. ఆమెకు చెల్లించేది డేరా కాదు, టీవీ కాదు, ప్రభుత్వమూ ప్రభుత్వ సంస్థలూ. ఈ పద్ధతికి ఒక ఖరీదుంది. ప్రేక్షకుడు తలుపు తీసే చోట, ఇక్కడ ఎంపిక సంఘం తలుపు తీయాలి. 2019లో మేటి బాక్సర్ మేరీ కోమ్‌తో ఎంపిక పోటీ పెట్టమని నిఖత్ బహిరంగంగా క్రీడాశాఖ మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. పోటీ జరిగింది, 9–1తో ఆమె ఓడిపోయింది. కానీ రింగులో ఓడే హక్కు కోసం కూడా కాగితం మీద పోరాడవలసి వచ్చింది. సవామురాకు ఆ బాధ లేదు, నొగుచి పోస్టరు వేస్తే చాలు. మరోవైపు, ప్రభుత్వం ఇచ్చేది ఒక్క రాత్రి వసూలు మీద ఆధారపడదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో నిఖత్ ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది. టికెట్టు కొన్న జనమైతే మరో వీరురాలిని వెతుక్కునేవారు, టీవీ అయితే మరో ముఖాన్ని వెతుక్కునేది. తెలంగాణ ప్రభుత్వం ఆ మరుసటి నెలలోనే ఆమెను పోలీసు శాఖలో డీఎస్పీగా చేర్చుకుంది. దెబ్బ తగిలినా, వయసు పైబడినా జీతం ఆగని ఆ ఉద్యోగం, కాలు పోయిన నాడు కోడి రామ్మూర్తికి లేదు.